సుక్కనా, చుక్కనా? బాస్ ఇయర్‌ఫోన్లలో మా ఇంటి తెలుగు

చంద్రపూర్‌లో గాంధీ చౌక్ నుంచి జట్‌పురా గేటు వైపు నడిస్తే మొబైల్ సామాన్ల దుకాణాల ముందు ఇయర్‌ఫోన్లు పూలదండల్లా వేలాడుతుంటాయి. డబ్బాలు తిప్పి చూస్తే చాలా వాటి మీద ఒకటే గొప్ప: ‘ఎక్స్‌ట్రా బాస్’, ‘డీప్ బాస్’, ‘సూపర్ బాస్’. బోట్ కంపెనీ అయితే తన వైరు ఇయర్‌ఫోన్లకు ‘బాస్‌హెడ్స్’ అనే పేరే పెట్టుకుంది. ‘మాట స్పష్టంగా వినపడును’ అని రాసిన డబ్బా మాత్రం మాకు ఇంతవరకు ఎదురుకాలేదు. మా ఇంట్లో పిల్లల చెవుల్లో ఉన్నవి ఇవే, డ్యూటీ బస్సులో పోయే మా తమ్ముడి చెవుల్లో ఉన్నవీ ఇవే. పాటలకు మజాగానే ఉంటాయి, అబద్ధం చెప్పొద్దు. కానీ మా ఇంట్లో ఇయర్‌ఫోన్లతో ఇంకో పని కూడా నడుస్తోంది. ఆ పనిలో ఈ బాస్ సంగతి బాగా తెలిసొచ్చింది. అందుకే ఈసారి పాత ఫొటోలు, పండుగ వంటలు కాస్త పక్కనపెట్టి దీని గురించి రాస్తున్నాం.

ఆ పని ఏంటంటే, మా అవ్వ క్యాసెట్లు. తాత బొగ్గు గనిలో పనికని పెద్దపల్లి వైపు నుంచి వచ్చి లాల్‌పేట్‌లో ఉన్నప్పటి ముచ్చట్లు, బతుకమ్మ పాటలు, నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటలు, దయ్యాల కథలు, ఇవన్నీ అవ్వ నోటితో చెప్తుంటే బాపు టేప్‌రికార్డర్‌లో ఎక్కించి పెట్టాడు. మొత్తం పద్నాలుగు క్యాసెట్లు. అవ్వ ఇప్పుడు లేదు. ఆ గొంతును ఫోన్‌లోకి ఎక్కించి, ఒక్కో మాటా విని తెలుగులో రాసుకుంటున్నాం. పిల్లలదేమో మరాఠీ బడి, ఇంగ్లీషు పుస్తకం, వీధిలో హిందీ. తెలుగు వాళ్లకు చదువుతో వచ్చింది కాదు, చెవితో వచ్చింది. మన లాంటి ఇళ్లన్నిటి సంగతీ ఇంతే కదా. భాష చెవి మీద నిలబడ్డప్పుడు, ఆ చెవికి ఏం తగిలిస్తున్నామన్నది చిన్న విషయం కాదు.

ఒక నాటు పాటలో ఒక మాట దగ్గర ఇంట్లో పెద్ద పంచాయితీ అయ్యింది. చిన్నోడు తన బాస్ ఇయర్‌ఫోన్లతో విని ‘మొగుడు’ వచ్చాడంటోంది అన్నాడు. వాళ్లక్క ఫోన్‌తో పాటు వచ్చిన పాత తెల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘మొగులు’ అంది. చిన్నోడికి మొగులు అంటే తెలియదు. మబ్బు అని చెప్పాం. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు మార్చుకుని మళ్లీ విన్నారు. ఈసారి చిన్నోడికీ మొగులే వినిపించింది, వాళ్లక్కకు అనుమానం మొదలైంది. చివరికి మంచిర్యాలలో ఉన్న మేనత్తకు ఫోన్ కలిపాం. ఆమె ఆ పాట మొత్తం అందుకుని, “మొగులు వడితే గదరా నాట్లేసేది, మొగుడొస్తే ఏమేస్తరు?” అని ఒకటే నవ్వు. మొగులు మాటే ఖాయమైంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, అడగడానికి ఇంకా మేనత్త ఉంది కాబట్టి సరిపోయింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత ఆ క్యాసెట్‌లో ఏముందో చెప్పడానికి క్యాసెట్ ఒక్కటే మిగులుతుంది.

అసలు తేడా ఎక్కడుంది? శబ్దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో. మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అందుతుంది. 250 హెర్ట్జ్‌కు కిందున్నదాన్ని మామూలుగా బాస్ అంటాం. డప్పు మోత, ఢోలు దెబ్బ, లారీ గుర్రుమనడం ఇవన్నీ అక్కడివే. మగవాళ్ల గొంతు మూలస్వరం 100 నుంచి 150 దగ్గర, ఆడవాళ్లది 200 దగ్గర ఉంటుంది. అచ్చులకు బలం 300 నుంచి మొదలై 2,000 దాటేదాకా పరుచుకుని ఉంటుంది. హల్లులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పే గుర్తులు మాత్రం ఎక్కువగా 2,000 పైనే ఉంటాయి. ‘స’ అనేటప్పుడు పళ్ల మధ్య నుంచి గాలి జారే చప్పుడైతే 4,000 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా పోతుంది. అంటే మాటకు ఒళ్లు కింద ఉంది, మొహం పైన ఉంది. ఒళ్లు చూసి ఎవరో మనిషి వస్తున్నాడని తెలుస్తుంది, ఎవరన్నది మొహం చూస్తేనే తెలుస్తుంది.

తెలుగు మాట దాదాపు ప్రతిదీ అచ్చుతో ముగుస్తుంది. అచ్చులు బలమైనవి కాబట్టి, బాస్ ఎంత మోగినా పాటలో ఏదో తెలుగు నడుస్తోందని చెవికి తెలుస్తూనే ఉంటుంది. లయ దొరుకుతుంది, రాగం దొరుకుతుంది, మాట మాత్రం జారిపోతుంది. మొగులు, మొగుడు రెండింటిలోనూ అచ్చులు అవే. మధ్యలో నాలుక పక్కల నుంచి శబ్దం జారిందా, లేక నాలుక వెనక్కి మడిచి ఒక్క తాకు తాకి దిగిందా అన్నదే తేడా. రెప్పపాటులో సగం కూడా పట్టని పని అది. తెలుగు బాగా వచ్చిన పెద్దవాళ్లు ఆ ఖాళీని తమ మనసులోంచి నింపుకుంటారు. తెలుగు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు తమకు తెలిసిన మాటతో నింపుకుంటారు. తెలియని మాట అక్కడే పోతుంది.

బాస్ పెరిగితే పై శబ్దాలు ఎందుకు తగ్గినట్టు వినిపిస్తాయి? అవి తగ్గవు, కప్పుకుపోతాయి. 1924లో అమెరికాలో వెగెల్, లేన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక స్వరం ఇంకో స్వరాన్ని ఎట్లా కప్పేస్తుందో కొలిచి చూపించారు. గట్టిగా ఉన్న కింది స్వరం పై స్వరాన్ని సులువుగా కప్పేస్తుంది, పై స్వరం కింది స్వరాన్ని అంత సులువుగా కప్పలేదు. మన లోపలి చెవి నిర్మాణమే అట్లాంటిది. బీరువాలో బరువైన బొంత పైన వేస్తే కింద చీరలు కనపడనట్టు, ఇక్కడ కింది స్వరం బొంత పని చేస్తుంది.

పాత క్యాసెట్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. కరెంటుతో నడిచే టేప్‌రికార్డర్‌లో ఎక్కించిన వాటిలో 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర సన్నగా ‘హమ్’మని ఒక గొణుగుడు ఉంటుంది. దానికి తోడు చంద్రపూర్ ఎండల్లో ఫ్యాన్ లేకుండా ఎవరు కూర్చుంటారు? అవ్వ గొంతు వెనక ఆ ఫ్యాను కూడా పాడుతూనే ఉంది. బాస్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కరెంటు గొణుగుడు, ఫ్యాను గాలి రెండూ ముందుకొస్తాయి, అవ్వ వెనక్కి పోతుంది. ఇంకో తమాషా ఉంది. క్యాసెట్‌కు పైన ‘స్స్’ అనే తన సొంత చప్పుడు ఒకటి ఉంటుంది. బాస్ ఇయర్‌ఫోన్‌లో అది తగ్గినట్టు అనిపించి, “అబ్బ, ఎంత మెత్తగా ఉంది” అంటాం. ఆ ‘స్స్’ ఉన్నచోటే అవ్వ పలికే ‘స’ కూడా ఉంది. చప్పుడుతో పాటు అదీ పోతుంది.

ఇక్కడే మాకు అసలు చిక్కు. మాది తెలంగాణ మాట. మా అవ్వ చుక్కను ‘సుక్క’ అనేది, చెరువును ‘సెరువు’ అనేది, చుట్టాలను ‘సుట్టాలు’ అనేది. కానీ అన్నిసార్లూ కాదు. కథ చెప్పేటప్పుడు ఒకలా, పూజ మాట చెప్పేటప్పుడు ఇంకోలా పలికేది. మధ్యలో మూడోది కూడా ఉంది, పళ్ల దగ్గర పలికే చ. పాత పుస్తకాల్లో దానికి ‘ౘ’ అని వేరే అక్షరమే ఉంది. ఇది చంద్రపూర్ పిల్లలకు కొత్త కాదు, మరాఠీలో ‘చాక్’ అన్నప్పుడు పలికేది ఆ చనే. కాబట్టి అవ్వ అన్నది సుక్కనా, ౘుక్కనా, చుక్కనా అని ప్రతిసారీ చెవి పెట్టి తేల్చుకోవాలి. స లో గాలి ఆగకుండా జారుతుంది. ౘ లో ఒక్క క్షణం పూర్తిగా ఆగి, తర్వాత జారుతుంది. ఆ ఆగిన క్షణం నిశ్శబ్దంగా వినిపిస్తేనే తేడా తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలోకి కింద నుంచి బాస్ గొణుగుడు వచ్చి నిండితే మూడూ ఒకటే అవుతాయి. అప్పుడు రాసేవాళ్ల చెయ్యి పుస్తకంలో ఉన్న ‘చుక్క’నే రాసేస్తుంది. అట్లా ఒక్కో మాట దగ్గర అవ్వ పోయి పాఠ్యపుస్తకం వచ్చి కూర్చుంటుంది.

వార్ధా నది అవతల రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1959లో గానీ చంద్రపూర్ జిల్లాలోకి రాలేదు. మా వాళ్లు మాట్లాడే తీరు ఆ రెండు ఒడ్లదీ. దాన్ని ఏ నిఘంటువూ మొత్తం పట్టుకోలేదు. అది క్యాసెట్లలో ఉంది, ముసలివాళ్ల నోళ్లలో ఉంది. అందుకే ఒక్క ‘స’ కోసం ఇంత రాద్ధాంతం.

మాటకు బాస్ ఎంత అవసరమో తెలుసుకోవడానికి ఎస్టీడీ రోజులు గుర్తు చేసుకుంటే చాలు. పాత టెలిఫోన్ తీగ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేది. అంటే గొంతు మూలస్వరం అసలు అందులోంచి పోయేదే కాదు. అయినా రాత్రి రేటు తగ్గాక బూతు ముందు వరసలో నిలబడి, ఊరికి ఫోన్ కలిపితే, “ఎవలు?” అన్న ఒక్క మాటతోనే అటు ఎవరున్నారో తెలిసిపోయేది. లేని మూలస్వరాన్ని పై స్వరాల లెక్కను బట్టి మెదడే కట్టుకుంటుంది. మగవాళ్ల గొంతు మగవాళ్లదిగానే వినిపించేది. తీగ పైనుంచి కోసేసింది మాత్రం మెదడు కట్టుకోలేకపోయేది. అందుకే పేర్లు చెప్పేటప్పుడు ‘స’నా ‘ఫ’నా అని రెండుసార్లు అడిగేవాళ్లం. ఇప్పటి 4జీ కాల్స్‌లో 7,000 దాకా పోతుంది కాబట్టి ఆ బాధ తగ్గింది. అంటే కింద కోస్తే మాట బతికింది, పైన కోస్తే తడబడింది.

మా పెద్దబాపు సంగతి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో పనిచేశాడు. డ్రిల్లు, ఫ్యాను, కోత యంత్రాల మోతలో బతికిన చెవి. పెద్ద మోత వల్ల పాడయ్యే వినికిడి మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల తగ్గుతుంది. ఆ తర్వాత వయసు వల్ల తగ్గేదీ పై నుంచే మొదలవుతుంది. కింది స్వరాలు చాలాకాలం బాగానే ఉంటాయి. అందుకే పెద్దబాపు ఎప్పుడూ ఒకటే మాట అంటాడు: “ఇనవడ్తది బిడ్డా, సమజ్ గాదు.” గని పనిచేసిన ఇళ్లలో, పేపర్ మిల్లు, థర్మల్ కాలనీ ఇళ్లలో ఈ మాట వినని వాళ్లు ఉండరు. అమెరికా నుంచి మనవడు పంపే వాయిస్ మెసేజ్‌లు వినడానికని పిల్లలు పెద్దబాపుకు మెడలో వేసుకునే బాస్ ఇయర్‌ఫోన్ పెట్టారు. ఆయన చెవిలో ఇంకా బతికున్నది బాస్ ఒక్కటే. యంత్రం దాన్నే ఇంకా పెంచింది. పోయినదాన్ని పెంచలేదు. గొంతు గట్టిగా వచ్చింది, మాట రాలేదు. “కుండల మాట్లాడినట్టుంది” అని తీసి పక్కన పెట్టాడు. ఫోన్‌లో బాస్ తగ్గించి, 3,600 దగ్గర కొంచెం పెంచి ఇస్తే ఒకే మెసేజ్ మూడుసార్లు వినే పని తప్పింది. ఇది వైద్యం కాదు. వినికిడి పరీక్ష, అవసరమైతే వినికిడి యంత్రం, ఆ దారి వేరు. కానీ ఉన్న చెవికి అడ్డం రాకుండా చూడటం మన చేతిలో పని.

ఇంత చెప్పాక బాస్‌ను తిట్టడమే మా ఉద్దేశం అనుకోవద్దు. బాస్ కావాలనుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే వాళ్లు కొలిచి చెప్పారు, శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి కింది స్వరాలను తక్కువగా వింటుందని. కాబట్టి మెల్లగా పెట్టుకుని వినేవాళ్లకు కాస్త బాస్ పెంచితేనే పాట నిండుగా ఉంటుంది. రెండోది, బల్లార్షా నుంచి కాజీపేట రైలెక్కితే పట్టాల మోత, బస్సు ఎక్కితే ఇంజను మోత, అన్నీ కింది స్వరాలే. అవి పాటలోని బాస్‌ను మింగేస్తాయి. మూడోది, నిజమైన డప్పు ముందు నిలబడ్డప్పుడు చెవి ఒక్కటే వినదు, ఛాతీ వింటుంది. పద్మాపూర్ ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలతో పాటు మన ఒళ్లూ అదిరినట్టు. ఇయర్‌ఫోన్ ఊపగలిగేది కర్ణభేరిని మాత్రమే. ఒంటికి దొరకనిదాన్ని చెవికే ఎక్కువ పోసి తీర్చాలని చూస్తారు.

చెవిలో దూర్చుకునే రకానికి ఆ శక్తి కూడా ఎక్కువ. రబ్బరు మూతి చెవి గొట్టాన్ని మూసేస్తుంది. లోపల మిగిలేది ఒకటి రెండు మిల్లీలీటర్ల గాలి. 10 మిల్లీమీటర్ల చిన్న పొర ఆ గాలిని ఊపితే చాలు, పెద్ద స్పీకర్ డబ్బా చేసే పని చేస్తుంది. మూతి సరిగ్గా కూర్చోకపోతే మొదట పోయేది బాస్. కాబట్టి బాస్ లేదని పిల్లలు ఇంకో జత కొనమంటే ముందు డబ్బాలో వచ్చిన మూడు సైజుల మూతులూ మార్చి చూడండి.

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. మన చెవి గొట్టం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవు వల్ల అది 3,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని దానంతటదే పెంచుతుంది. హల్లులు తేలే చోటు అదే. దేవుడు మాట కోసమే గొట్టం కొలిచి పెట్టినట్టుంది. దాన్ని ఇయర్‌ఫోన్‌తో మూసేస్తే ఆ సహజమైన పెంపు మారిపోతుంది. మంచి తయారీదారు దాన్ని లెక్కగట్టి తిరిగి కలుపుతాడు. ఆ లెక్క వదిలేసి బాస్ ఒక్కటే పెంచితే కుండ శబ్దం వస్తుంది. బాస్‌లో కూడా అన్నీ ఒకటి కావు. 80 హెర్ట్జ్‌కు కిందున్న లోతైన బాస్ పెంచితే మాటకు పెద్ద నష్టం ఉండదు. 100 నుంచి 300 మధ్య ఉబ్బితేనే గొంతు మొద్దుబారుతుంది. బాస్ ఎక్కువగా ఉండి కూడా మాట శుభ్రంగా వినిపించే ఇయర్‌ఫోన్లు ఉన్నాయంటే కారణం ఇదే. కాబట్టి డబ్బా మీద ‘బాస్’ అని రాసి ఉందా లేదా అన్నది కాదు, చెవితో చూసి కొనాలి.

చెవితో చూడటానికి మా ఇంట్లో కొన్ని పాటలు పెట్టుకున్నాం. మొదటిది లవకుశ. 1963 నాటి ఆ సినిమాలో లవకుశుల పాటలు పి.లీల, పి.సుశీల కలిసి పాడారు. మంచి ఇయర్‌ఫోన్‌లో రెండు గొంతులు రెండు దారాల్లా విడిగా వినిపిస్తాయి. మొద్దు ఇయర్‌ఫోన్‌లో ఒకే లావు దారం అవుతాయి. రెండోది ఘంటసాల భగవద్గీత. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్తారు. శ్లోకంలో ద, ధ తేడా, బ, భ తేడా పిల్లలు విని రాయగలిగితే ఆ ఇయర్‌ఫోన్ పాస్. ఘంటసాల గొంతు అసలే గంభీరం, దానికి ఎవరూ బాస్ కలపక్కర్లేదు. 

మూడోది ‘బలగం’ చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట. మా కరీంనగర్ వైపు మాట అది. 2023లో ఆ సినిమా చూసి ఇంట్లో కళ్లు తడవని వాళ్లు లేరు. ఆ ఏడుపు తెచ్చింది మోత కాదు, మాట. పిల్లలు కళ్లు మూసుకుని విని, అందులో తమకు తెలియని మాటలు ఏమేం ఉన్నాయో అడగాలి. ఎంత ఎక్కువ అడిగితే ఇయర్‌ఫోన్ అంత మంచిదన్నట్టు. వినపడితే కదా అడిగేది.

నాలుగోది పిల్లల కోసం, ‘నాటు నాటు’. 2023లో ఆస్కార్ తెచ్చిన ఈ పాటకు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పరుగు మీద పాడారు. చంద్రబోస్ రాసిన అందులో పొలం, జాతర, పల్లె తిండి అన్నీ ఉన్నాయి. బాస్ ఇయర్‌ఫోన్‌లో కాళ్లు ఆడతాయి, మాటలు పరుగులో కలిసిపోతాయి. మా చిన్నోడు ఏడాదిగా ఎగురుతున్న పాటలో తిండి పేరు ఉందని వేరే ఇయర్‌ఫోన్‌తో విన్నాక కనిపెట్టాడు. ఐదోది ఏదైనా డప్పు రికార్డింగు. డప్పుకు రెండు చేతుల్లో రెండు పుల్లలుంటాయి, ఒకటి పొట్టి లావు కర్ర, ఇంకొకటి సన్నటి పొడవాటి పుల్ల. లావు కర్ర దెబ్బ కింద మోగుతుంది, సన్న పుల్ల పైన టకటకలాడుతుంది. ఆ సన్న పుల్ల వినపడకపోతే అది డప్పు కాదు, తలుపు కొట్టడం. బాస్ కోసమే కొన్న ఇయర్‌ఫోన్ డప్పునే సగం చేస్తుందని పిల్లలకు అప్పుడు అర్థమైంది. మేం ఎంత చెప్పినా ఎక్కనిది ఆ పుల్ల చెప్పింది.

చెవి ఆరోగ్యానికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. బాస్ మాటను కప్పేస్తే మనం ఏం చేస్తాం? సౌండ్ పెంచుతాం. సౌండ్‌తో పాటు బాసూ పెరుగుతుంది, మళ్లీ కప్పేస్తుంది, మళ్లీ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదు, పిల్లలకు 75. కార్మికుల కోసం అమెరికాలోని నియోష్ సంస్థ పెట్టిన హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ సమయం సగానికి సగం తగ్గించమంటుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ అయితే పావుగంటే. పెద్దబాపు చెవి పని వల్ల పోయింది, ఆయనకు ఎంచుకునే వీలు లేదు. పిల్లలకు ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి చెప్తాం, మీకు పనికొస్తే తీసుకోండి. ఎవరి బాస్ ఇయర్‌ఫోన్ వాళ్ల దగ్గరే ఉంది, ఎవరినీ పారేయమనలేదు. క్యాసెట్ పనికి మాత్రం బాస్ పెంచని వైరు ఇయర్‌ఫోన్ ఒకటి వేరే డబ్బాలో పెట్టాం. అది లేనప్పుడు ఫోన్‌లో ఈక్వలైజర్ తెరుస్తాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదు గీతలుంటాయి: 60, 230, 910, 3,600, 14,000. ముందు బాస్ బూస్ట్ ఆపేస్తాం. 60ని కొంచెం, 230ని నాలుగైదు డెసిబెల్స్ కిందికి దించుతాం. 3,600ని రెండు మూడు పైకి. మొదట అంతా పలచగా, ప్రాణం లేనట్టు అనిపిస్తుంది. పది నిమిషాలు ఓపిక పడితే చెవి సర్దుకుంటుంది, మాట ముందుకొస్తుంది. అనుమానం ఉన్న మాటను ఇద్దరు వేర్వేరు ఇయర్‌ఫోన్లతో విని, ఒకరిది ఒకరు చూడకుండా రాస్తారు. రెండూ కలిస్తే ఖాయం. కలవకపోతే పక్కన గీత పెట్టి, ఆదివారం మేనత్తకు ఫోన్.

పద్నాలుగింటిలో ఐదు క్యాసెట్లు అయ్యాయి. గీత పెట్టిన మాటలు ఇంకా నలభై దాకా ఉన్నాయి. అందులో సగం మేనత్త తీర్చింది. మిగతావి ఆమెకూ తెలియవు, అవ్వ తరం మాటలవి. వాటిని విన్నది విన్నట్టే, స ఉంటే స, ౘ ఉంటే ౘ రాసి పెట్టాం. అర్థం తర్వాత ఎవరైనా చెప్తారు. సిరోంచలోనో, మంథనిలోనో, సూరత్‌లోనో, భివండిలోనో ఉన్న మీ ఇంటి ముసలమ్మకు తెలిసుండవచ్చు. ముందైతే ఆమె గొంతు ఎక్కించి పెట్టుకోండి. ఫ్యాను ఒక పావుగంట ఆపి, ఫోన్ మూతికి జానెడు దూరంలో పెట్టి ఎక్కించండి. బాస్ తర్వాత ఎంతైనా కలుపుకోవచ్చు, ఎక్కని మాటను మాత్రం ఏ యంత్రమూ తేలేదు.